నాన్న విస్తరి పక్కన గ్లాసు

మా ఊళ్ళో తాగుడంటే చాలా చెడ్డపని. ఆ మాట అనని ఆడది లేదు, ఒప్పుకోని మగాడూ లేడు. కాకపోతే తాగుడు కింద జమకట్టనివి కొన్ని ఉన్నాయి. కొత్త వల మొదటిసారి నీళ్ళలో పడిన రోజున పోసుకునేది తాగుడు కాదు. పడవకు రంగేసి గంగమ్మకు కోడిని కోసిన రోజున తాగేది తాగుడు కాదు. వేట నుంచి వచ్చి ఒళ్ళునొప్పులకు వేసుకునేదీ కాదు. పిల్ల పుడితే, పిల్ల పెద్దమనిషైతే, ముసలాడు పోతే, పోయినవాడికి దినం పెడితే పోసుకునేది అసలే కాదు. ఇవన్నీ పోగా మిగిలిన రోజుల్లో తాగితే అదీ తాగుడు. అలాంటి రోజులు ఏడాదికి ఎన్ని మిగులుతాయో మా ఊళ్ళో ఎవరూ చూసుకోలేదు.

మాది కళింగపట్నం పక్కన వేటకారుల ఊరు. పెళ్ళయ్యాక నేను గరివిడి వచ్చేశాను. మా ఆయనకు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. నేను అంగన్‌వాడీలో పిల్లల చేత పాటలు పాడించి గుడ్లు తినిపిస్తాను. నోటి దురుసు ఎక్కువని అక్కడా పేరుంది, ఇక్కడా ఉంది. ఆ పేరు నాకు నచ్చుతుంది కూడా.

తమ్ముడు నా చంకలో పెరిగాడు. మా అమ్మ పొద్దున్నే చేపల తట్టతో బస్సెక్కితే వాడికి తల దువ్వడం, ముక్కు తుడవడం నా పని. అమ్మ పోయాక వాడికి అప్పనూ నేనే, అమ్మనూ నేనే. పెద్దాడై నాన్నతో పడవెక్కాడు. నాన్న వేట నుంచి వచ్చి రెండు గ్లాసులు తాగి, అన్నం తిని పడుకునేవాడు. తమ్ముడు కూడా మొదట్లో అంతే. తర్వాత తర్వాత వాడు పళ్ళు తోముకోకముందే తాగడం మొదలెట్టాడు. మరదలు ఏడ్చింది, కొట్టించుకుంది, చివరికి కన్నవారింటికి వెళ్ళిపోయింది. ఊరంతా వాడిని తిట్టేది. తిట్టినవాళ్ళే గంగమ్మ పండక్కి పిలిచి పోసేవారు.

ఒకరోజు సముద్రం మీద వల లాగుతుండగా వాడి చేతులు వణికి తాడు జారిపోయింది. నాన్న వేలు తాడుకీ పడవ అంచుకీ మధ్య నలిగిపోయింది. నాన్న ఒడ్డుకొచ్చి వేలికి గుడ్డ చుట్టుకుని, పెద్దయ్యను పిలిచాడు. పెద్దయ్య అంటే నాన్నకు సొంత అన్న, మా ఊళ్ళో పదిమందికీ పెద్ద. ఇద్దరూ కలిసి తమ్ముణ్ణి ఆ వల తాడుతోనే కాళ్ళూ చేతులూ కట్టి ఆటోలో పడేశారు. దారి పొడుగునా వాడు ఏడుస్తూనే ఉన్నాడట. “అయ్యా, ఇప్పీయే. కుక్కని కట్టినట్టు కట్టీసినావేటే” అన్నాడట. నాన్న రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడట.

తాగుడు మాన్పించే ఆ కేంద్రం చీపురుపల్లి దాటాక గరివిడి వచ్చే దారిలో ఉంది. ఒకప్పుడది గోగునార గోదాము. ఇప్పుడు గోడలకు ఆకుపచ్చ రంగు, కిటికీలకు ఇనుప వల, ముందు పెద్ద గేటు, గేటుకు తాళం. “జైలు కాదమ్మా” అన్నాడు అక్కడి కాపలా మనిషి, నేను అడగకుండానే. మా ఇంటికి దగ్గర కాబట్టి చూసి వచ్చే బాధ్యత నాకు పడింది.

మొదటి రోజులు నేను మర్చిపోలేను. మర్చిపోవాలని చూశాను కూడా. మంచానికి గుడ్డ పట్టీలతో కట్టి ఉంచారు. చెమటలు, జ్వరం, ఒళ్ళంతా వణుకు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడట్లేదు. కట్టిన చేతులతోనే గాలిలో వల లాగుతున్నాడు. “లాగండ్రా, లాగండి. బరువున్నాది. అయ్యా, తాడు వదిలీ, సెయ్యి పోద్ది, వదిలీ.” ఇంట్లో చుక్క ముట్టకుండా ఎప్పుడైనా పూటంతా ఉంటే వాడికి ఇలాగే అవుతుందని, అందుకే మళ్ళీ తాగేవాడని అక్కడి కౌన్సిలర్ మేడం చెప్పింది. అప్పటిదాకా వాడు సుఖం కోసం తాగుతున్నాడనుకున్నాను. వాడు తాగేది ఈ భయానికి తాళలేకనని తెలిసి గోదాము వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

తర్వాత నెమ్మదిగా మనిషయ్యాడు. పొద్దున్నే వ్యాయామం, టిఫిన్, ఆ తర్వాత అందరూ వరసలో నిలబడి మాత్ర వేసుకోవాలి. వేసుకున్నాక నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించాలి. కొందరు బుగ్గలో దాచి ఉమ్మేస్తారట. మాత్ర సంగతి మేడం నాకు కూర్చోబెట్టి చెప్పింది. “ఇది తాగాలనే కోరిక తీసేసే మందు కాదమ్మా. ఇది ఒంట్లో ఉండగా సారా పడితే ప్రాణం మీదికొస్తుంది. ఆ భయమే కాపలా. ఇవాళ ఆపేసినా చాలా రోజులు ఒంట్లో ఉంటుంది. దగ్గు మందు కూడా అడక్కుండా పొయ్యొద్దు. పులిసినవీ పెట్టొద్దు.”

పులిసినవి అంటే నాకు చోడంబలి గుర్తొచ్చింది. చోడిపిండి, అంటే రాగిపిండి కాచి, గంజిలో కలిపి, తెల్లారేదాకా పులియబెట్టి, ఉల్లిపాయా ఎండుచేపా నంజుకు తాగితే, మా తమ్ముడికి ఇంకేమీ అక్కర్లేదు. ఆదివారం చూడ్డానికి వెళ్ళినప్పుడు అంబలి తెమ్మన్నాడు. నేను పులియకుండా అప్పటికప్పుడు కాచి స్టీలు క్యానులో పట్టుకెళ్ళాను. గేటు దగ్గర కాపలా మనిషి మూత తీసి వాసన చూశాడు, మళ్ళీ చూశాడు. మందు తెచ్చానేమోనని వాడి అనుమానం. ఒళ్ళు మండి ఆ క్యానెత్తి వాడి ఎదురుగా రెండు గుక్కలు తాగి, “ఊగుతున్నానా?” అన్నాను. లోపలికి వదిలాడు.

తమ్ముడు ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు.

“ఏటప్పా ఇది, పసిపిల్లల ఉగ్గులాగున్నాది. పులిసింది తే.”

“ఇంటికొచ్చాక పెడతాను. ఇప్పుడు కూడదు.”

“అంబలికి కూడా కాపలాయేటి” అని నవ్వి, గిన్నె ఖాళీ చేశాడు. తర్వాత నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి వాలీబాల్ వల చూపించాడు. చిరిగిపోయి ఉంటే వాడే ముడులు వేసి అల్లాడట. “సూడప్పా నా సేతులు” అని రెండు చేతులూ చాపాడు. ఎండలో ఆ చేతులు కదలకుండా నిలబడ్డాయి. వాడు పుట్టినప్పుడు కూడా నేనంత సంతోషపడలేదు.

నాన్న ఒకసారి వచ్చాడు. వేలికి కట్టు ఇంకా ఉంది. తమ్ముడు వరండాలోంచి చూసి, గిరుక్కున తిరిగి లోపలికి పోయాడు. ఆ తాడు కట్టుడు వాడి కడుపులో అలాగే ఉంది. నాన్న పిలవలేదు. గేటు పక్కన అరుగు మీద కూర్చుని, ఎండుచేపల పొట్లం నా చేతిలో పెట్టాడు.

“సేతులు వణకడం నేదు కదేటే?”

“లేదు నాన్నా. వల అల్లాడు.”

“వలల్లినాడేటి? మరింకేటి, సాలు” అన్నాడు. లేచి బస్సుకి వెళ్ళిపోయాడు.

ఆ మాట తమ్ముడికి చెప్పాను. నేను బయల్దేరేటప్పుడు గేటు దాకా వచ్చి, “ఈసారి అయ్య వస్తే మాటాడతాను అప్పా” అన్నాడు. మరదలికి కూడా ఆ వారమే కబురు పెట్టాడు, వచ్చి చూసి పొమ్మని. ఆమె వచ్చింది. ఇద్దరూ ఒక బెంచీ మీద ఆ చివరొకరూ ఈ చివరొకరూ కూర్చున్నారు. వాడు ఇంటికొచ్చాక కలిసి ఉంటానని ఆమె నాతో అంది.

నాన్న మళ్ళీ రాలేదు. పడవను ఇసుక మీదికి లాగుతూ లాగుతూ, ఆయాసంగా ఉందని కూర్చున్నాడట. తోటివాళ్ళు బీడీ ముట్టించుకుని చూసేసరికి ఒరిగిపోయి ఉన్నాడట.

తమ్ముణ్ణి పంపడానికి మేడం మొదట ఒప్పుకోలేదు. ఒక్కడే కొడుకు, తలకొరివి పెట్టాలి అన్నాను. సంతకం పెట్టించుకుని, మాత్రల పట్టీ నా చేతికిచ్చింది. “చావింట్లోనే ఎక్కువమంది మళ్ళీ మొదలెడతారమ్మా. పక్కనే ఉండండి” అంది.

పక్కనే ఉన్నాను. నాకంటే ఎక్కువ పెద్దయ్య ఉన్నాడు. ఆయన గురించి నేను అబద్ధం చెప్పను. తమ్ముడు ఆటో దిగిన దగ్గర్నుంచి వాడి భుజం వదల్లేదు. స్మశానం నుంచి వచ్చాక వాడి పాత స్నేహితుడొకడు నడుముకి సీసా దోపుకుని పలకరింపుకి వస్తే, పెద్దయ్య చేతికర్ర ఎత్తి వీధి చివరిదాకా తరిమాడు. “మా గుంటడు మానీసినాడు. ఇంకోపాలి ఈ ఛాయలకొస్తే కాళ్ళిరగ్గొడతాను” అని అరిచాడు. తమ్ముడు తల వంచుకుని ఉన్నాడు కానీ, మొహంలో చిన్న వెలుగు కనిపించింది. వాడి గురించి ఊళ్ళో ఒక మంచి మాట గట్టిగా వినబడి ఎన్నేళ్ళయిందో.

చిన్న దినానికి ముందు రోజు నాకు గుబులు పట్టుకుంది. మాలో దినం నాడు సముద్రం ఒడ్డున విస్తరి వేసి, పోయినవాడికి ఇష్టమైనవన్నీ వడ్డిస్తారు. చేపల పులుసు, చుట్ట, ఒక గ్లాసులో మందు. కొడుకు తన చేత్తో పోసి, దాన్ని తను తాగాలి. అప్పుడే అది తండ్రికి అందినట్టు. ఆడవాళ్ళు అటు పోరు, ఇంటి దగ్గర వంట చూసుకుంటారు. నేను వెళ్ళి పెద్దయ్యను పట్టుకున్నాను.

“పెద్దయ్యా, విస్తరి కాడ గ్లాసు సంగతేటి? తమ్ముడు మాత్ర మీదున్నాడు.”

“అది తాగుడేటే? అయ్యకి అందించడం.”

“ఏదైనా ఒకటే. కడుపులో పడితే సచ్చిపోతాడు. అక్కడి మేడం సెప్పింది.”

“సరేలేవే, అలా గింజుకోకు. పెదివికి తగిలించీసి పెట్టెత్తాడు. నాను ఉండనేటి అక్కడ?”

నాకు తృప్తి కలగలేదు. తమ్ముణ్ణి పెరట్లోకి లాగి, “గ్లాసు అందుకుని ఇసకలో పోసీ. ఎవడేటన్నా సరే” అన్నాను. “అలగే అప్పా” అన్నాడు. నా తల మీద ఒట్టు వేయించుకున్నాను.

తర్వాత ఒడ్డున ఏం జరిగిందో మా చిన్నాన్న కొడుకు చెప్పాడు. విస్తరి వేశారు. తమ్ముడు గ్లాసులో పోశాడు. పెదవికి తగిలించాడు, గ్లాసు కిందికి దించాడు, ఇసుక వైపు వంచబోయాడు. అప్పుడు పెద్దయ్య ఏడుస్తూ అన్నాడట. “ఒరే, అయ్య మీద కోపం ఇంకా తీరనేదేటిరా? ఆడు నీతో ఓ మాటకి మొహం వాసి ఎల్లిపోనాడురా. ఇప్పుడు కూడా దాహంతోటి పంపించెత్తావా?”

తమ్ముడు గ్లాసెత్తి మొత్తం తాగేశాడట.

నాకు తెలుసు, అది తాగాలనిపించి తాగింది కాదు. నాన్నతో మాట్లాడ్డానికి వాడికి మిగిలిన దారి అదొక్కటే అయింది. నేను తల మీద చెయ్యి పెట్టించుకున్న ఒట్టు ఆ మాట ముందు ఏపాటిది?

నేను వంట దగ్గర ఉండగా అరుపులు వినిపించాయి. చేతిలో గరిటె అలాగే పట్టుకుని పరిగెత్తాను. ఆడవాళ్ళు రాకూడదని ఎవడో అడ్డొస్తే గరిటెతోనే తోసేశాను. తమ్ముడు ఇసుకలో మోకాళ్ళ మీద ఉన్నాడు. మొహం, మెడ కుంకుమ పూసినట్టు ఎర్రగా అయిపోయాయి. గుండె కొట్టుకోవడం చొక్కా మీంచి కనిపిస్తోంది. కక్కుతున్నాడు, ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. చుట్టూ మగాళ్ళు దండాలు పెడుతున్నారు. ఒకడు సాంబ్రాణి వేస్తున్నాడు. నాన్న వాడి మీదికి వచ్చాడని వాళ్ళ నమ్మకం.

పెద్దయ్య వాడి ముందు కూలబడి, “తమ్మీ, వచ్చినావేటిరా? ఏటి కావాలిరా? ఇంకా దాహంగున్నాదేటి?” అంటూ ఇంకో గ్లాసు వాడి నోటికి పెడుతున్నాడు. మందు గడ్డం మీంచి కారిపోతోంది.

గ్లాసు లాగి విసిరేశాను. “అయ్యా కాదు గియ్యా కాదు. మాత్రరా, మాత్ర! ఆటో తెండి!” అని అరిచాను. ఒక్కడూ కదల్లేదు. పూనకం వచ్చినవాడిని మధ్యలో కదిపితే అరిష్టమట. నేను పెద్దయ్య చొక్కా పట్టుకుని ఊపేశాను. జీవితంలో పెద్దవాళ్ళ మీద చెయ్యి వేసింది అదొక్కసారే. తమ్ముడు పక్కకి ఒరిగి కళ్ళు తేలేశాక గానీ ఆటో రాలేదు. మగాళ్ళు వాడితో ఎక్కేసరికి నాకు చోటు లేకపోయింది. మాత్రల పట్టీ ఇంట్లో నా సంచిలో ఉంది. అది తీసుకుని మా ఆయన బండి మీద వెనకాలే వెళ్ళాను.

శ్రీకాకుళం ఆసుపత్రికి మేం చేరేసరికి తమ్ముణ్ణి లోపల పడుకోబెట్టి ఉన్నారు. కుర్ర డాక్టరు గుండె పరీక్ష కాగితం చూస్తున్నాడు. పెద్దయ్య చేతులు జోడించి ఆయన పక్కన నిలబడి ఉన్నాడు.

“మందేమైనా తాగాడా అని అడుగుతుంటే లేదంటున్నారు” అన్నాడు డాక్టరు నాతో.

“నేదు బాబూ” అన్నాడు పెద్దయ్య. “నెలల బట్టీ సుక్క ముట్టనేదు. మానీసినాడు. గంగమ్మ తోడు.”

కూడా వచ్చినవాళ్ళంతా తలలూపారు. ఒడ్డున అందరూ తలా కొంచెం పుచ్చుకున్నారు కాబట్టి గదంతా మందు వాసనే. తమ్ముడి నోటి వాసన వేరుగా ఎవరికి తెలుస్తుంది? పెద్దయ్య అబద్ధం ఆడలేదు. అదే నా కడుపుకోత. ఆయన కళ్ళెదుట, ఆయన మాట మీద తాగినవాడి గురించి, గంగమ్మ మీద ఒట్టేసి నిజమే చెప్పాడు.

నేను మాత్రల పట్టీ డాక్టరు చేతిలో పెట్టి, “గ్లాసుడు తాగాడు సార్. దినం పెడుతూ తాగాడు” అన్నాను. ఆయన మొహం మారిపోయింది. పరుగులు, సెలైన్లు, సూదులు. ఆ పరుగులు ముందే మొదలై ఉంటే బతికేవాడా అని తర్వాత అడిగాను. ఆయన నావైపు చూడకుండా, చెప్పలేమమ్మా అన్నాడు. సాయంత్రం దీపాలు వేసే వేళకి తమ్ముడు పోయాడు.

ఊళ్ళో అందరూ ఒకే మాట అనుకున్నారు. కొడుకంటే ప్రాణం, తండ్రే తీసుకుపోయాడు అని. నేను మాత్ర సంగతి చెప్పబోతే, “అవునే, అంత విషం మాత్రలు ఎందుకిచ్చినారో” అన్నారు. నేను చెప్పడం మానేశాను. వాళ్ళని అసహ్యించుకోవడానికి చాలా ప్రయత్నించాను. శవం మీద పడి పెద్దయ్య ఏడ్చిన ఏడుపు విన్నాక అది కూడా సరిగ్గా చేతకాలేదు.

తమ్ముడి చిన్న దినం వచ్చింది. ముందు రోజే చోడిపిండి కాచి, గంజి కలిపి, కుండలో పోసి మూత పెట్టాను. తెల్లవారి ఆ కుండ చంకనెత్తుకుని, మరదల్ని వెంటబెట్టుకుని ఒడ్డుకి నడిచాను. ఆడవాళ్ళు రాకూడదని ఈసారి ఎవరూ అనలేదు. సీసా కనిపిస్తే పగలగొట్టాలని, అడ్డొస్తే పెద్దయ్యనైనా సరే నలుగురిలో కడిగెయ్యాలని, మాటలన్నీ కూడగట్టుకుని వెళ్ళాను.

విస్తరి వేశారు. మా చిన్నాన్న కొడుకు అలవాటు కొద్దీ సంచిలోంచి సీసా తీశాడు. నేను నోరు తెరిచేలోపే పెద్దయ్య వాడి చేతి మీద ఒక్కటి వేశాడు.

“ఒరే, బుద్ధి నేదేటిరా? ఆడు మానీసినోడు. సచ్చేదాకా సుక్క ముట్టనేదు. ఆడికి మందెడతావేటి, పాపం తగల్దేటి? తీసీ ముందల.”

సీసా మళ్ళీ సంచిలోకి పోయింది. అందరూ అవునవునన్నారు. ఒక ముసలాడైతే, ఈ ఊళ్ళో అలా మానినవాడు ఇంకొకడు లేడన్నాడు. కూడగట్టుకెళ్ళిన మాటలతో నాకు పని లేకపోయింది. తమ్ముడు బతికుండగా నేను బతిమాలినా, అరిచినా వాడికి ఇవ్వని ఆ ఒక్క మినహాయింపు, చచ్చాక అడక్కుండానే ఇచ్చారు.

నేను విస్తరి ముందు కూర్చుని గ్లాసు నిండా అంబలి పోశాను. ఉల్లిపాయ చితక్కొట్టి పక్కన పెట్టాను. నాన్న ఇచ్చిన ఎండుచేపల్లో మిగిలినవి రెండు పెట్టాను.

“పులిసిందేనా వదినా?” అంది మరదలు.

“బాగా పులిసింది” అన్నాను.